పాత రివాల్వర్‌పై నికెల్ పూతను శుభ్రం చేయడం ఎలా?

బోస్టన్‌కు చెందిన ఐజాక్ ఆడమ్స్ 1869లో నికెల్ పూత పద్ధతికి పేటెంటు పొందిన తర్వాత, అమెరికాలో తయారైన చాలా రివాల్వర్లు తళతళలాడుతూ అంగళ్లకు వచ్చాయి. ఆ తళుకు అందం కోసమే కాదు. ఆనాటి నల్ల తుపాకిమందు కాలాక మిగిలే మసి గాలిలోని తేమను పీల్చుకుని ఉక్కును ఇట్టే తుప్పు పట్టించేది కాబట్టి, నికెల్ పూత దానికి కవచంలా పనిచేసేది. 1880లో స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ తెచ్చిన .38 డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ నొక్కితే సుత్తి దానంతటదే లేచి పడే) రివాల్వర్ ఈ కోవలోదే. గొట్టం ముందుకు వాలేలా పైనుంచి తెరిచే ఈ ఐదు గుళ్ల ఆయుధాన్నే ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాను.

పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పూత మందం తల వెంట్రుక మందమంత కూడా ఉండదు. మనం పైనున్న మకిలిని తీయగలమే గాని, పోయిన నికెల్‌ను రుద్ది తిరిగి తేలేము.

ఆయుధం ఖాళీగా ఉందో లేదో చూడటం అన్నిటికంటే ముందు చేయవలసిన పని. వెనుక గురి దగ్గరున్న గొళ్లెం పైకెత్తితే గొట్టం ముందుకు వాలి, సిలిండర్ (తూటాల అరలుండే గుండ్రని భాగం) మధ్యనుంచి నక్షత్రం ఆకారపు పలక పైకి లేస్తుంది. ఐదు అరలనూ వెలుతురులో చూసి, ఒక్కో అరనూ చిటికెన వేలితో తడిమి, అప్పుడే ముందుకు సాగాలి. "ఎన్నో ఏళ్లుగా పెట్టెలోనే ఉంది, అందులో ఏముంటుంది" అనే మాటను నమ్మకూడదు. తూటాలుంటే వాటిని ఆ గదిలోనే ఉంచకూడదు.

తర్వాత అది నిజంగా నికెలేనా అని తేల్చుకోవాలి. కిటికీ పక్కన స్టీలు చెంచాతో కలిపి పట్టుకుని చూస్తే, నికెల్‌లో లేత పసుపు ఛాయ కనిపిస్తుంది, క్రోమియం అయితే నీలిఛాయతో చల్లగా మెరుస్తుంది. ఇంట్లో 1947 నాటి పులిబొమ్మ రూపాయి ఉంటే ఇంకా సులువు, ఎందుకంటే అది నికెల్‌తో కొట్టిన నాణెమే. ఈ మోడల్‌లో ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమాను నల్లటి నీలిరంగులోనూ, సుత్తి, ట్రిగ్గర్ రంగురంగుల మచ్చలతోనూ ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి. వాటికి కూడా నికెల్ అంటి ఉంటే, మధ్యలో ఎవరో మళ్లీ పూత వేయించారని అనుమానించవచ్చు. నికెల్ కోసం వాడే పాలిష్ ఆ నీలిరంగు భాగాలకు తగిలితే రంగు లేచిపోతుంది కాబట్టి వాటిని ముందే టేపుతో కప్పేయాలి.

పిడికి రెండు వైపులా ఉండే నల్లటి గట్టి రబ్బరు పలకలను తీసి పక్కన పెట్టడం మంచిది. గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తో మరను మూడు నాలుగు చుట్లు మాత్రమే వదులు చేసి, దాని తలను బొటనవేలితో మెల్లగా నొక్కితే అవతలి పలక ఊడి వస్తుంది. అంచు కింద కత్తిమొన దూర్చి పెకలిస్తే, ఇన్నేళ్లలో పెళుసెక్కిన రబ్బరు పుటుక్కున విరుగుతుంది. వేడినీళ్లు, ఎండ తగిలితే ఈ రబ్బరు గోధుమరంగుకు తిరుగుతుంది కనుక తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెడితే చాలు. లోపలి యంత్రాంగాన్ని విప్పవలసిన అవసరం ఈ పనికి లేదు.

ఇప్పుడు అసలు శుభ్రత. తేలికపాటి తుపాకీ నూనెను మెత్తని నైలాన్ బ్రష్‌కు అద్ది మసి పేరుకున్న చోట, ముఖ్యంగా సిలిండర్ ముందుభాగంలో రుద్ది, వెంటనే పాత బనియన్ గుడ్డతో తుడవాలి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. గొట్టంలోని రాగి మరకలు తీయడానికి అమ్మే ఘాటైన ద్రావకాలలో అమోనియా ఉంటుంది. కొన్ని పూతలకు నికెల్ కింద రాగి పొర ఉంటుంది, అమోనియా ఏ గీత సందునుంచో లోపలికి దిగి ఆ రాగిని తినేస్తుంది, దాంతో పైనున్న నికెల్ పెచ్చులుగా లేస్తుంది. మన ఇళ్లలో ఇత్తడి సామాను తోమే బ్రాసోలోనూ అమోనియా ఉంటుంది. చింతపండు అయితే మరీ చేటు, బయటపడిన ఉక్కును ఆ పులుపు కొరికేస్తుంది.

మకిలి పోయాక కూడా పాలపొరలాంటి మసక మిగిలితే, అప్పుడు మాత్రమే పాలిష్ వాడాలి. అమోనియా లేని, మెత్తని లోహపు పాలిష్‌ను (ఫ్లిట్జ్ వంటివి) ఆవగింజంత తీసుకుని, ముందు పిడి పలకల కింద దాగే చోట పరీక్షించి, తర్వాత అరచేయంత మేర చొప్పున ఒత్తిడి లేకుండా రుద్దాలి. గుడ్డ నల్లబడటం చూసి మురికి పోతోందని సంబరపడతాం, కాని ఆ నలుపులో నికెల్ కూడా ఉంటుంది. అక్షరాల అంచులు, మూలలు ముందుగా అరుగుతాయి కనుక అక్కడ ఒకసారితో ఆపాలి. తిరిగే బఫింగ్ చక్రం జోలికి అసలు వెళ్లవద్దు. అలా మెరుగుపెట్టిన ఒక రివాల్వర్‌ను చూశాను, అద్దంలా ఉంది, కాని గొట్టం మీది పేటెంటు తేదీలు చెరిపేసిన పలక మీది సుద్దరాతలా మిగిలాయి.

తుప్పు చుక్కలకు ఓపిక కావాలి. ఒక్కో చుక్క మీద పుల్లతో నూనె అద్ది, ఒక రోజు నాననిచ్చి, వెదురు పుల్లతో గీకాలి. ఉక్కు పీచు వాడితే చుట్టూ ఉన్న మంచి పూత కూడా గీతలు పడుతుంది. పొక్కులు లేచిన చోట గీకనే కూడదు, గుడ్డ ఆనించి తేమ లాగి వదిలేయాలి.

పూత సగానికిపైగా ఊడిపోయి ఉంటే కొత్త పూత వేయించవచ్చు గాని, అది ఇంట్లో చేసే పని కాదు. పాతది కరిగించడానికి వాడే రసాయనాలు ప్రమాదకరం. పైగా, కొత్త పూత వేసిన ఆయుధం కంటే అరిగిపోయినా అసలు పూతతో ఉన్నదానికే సేకర్తలు ఎక్కువ ధర ఇస్తారు. అమెరికా ఫెడరల్ చట్టం 1898 వరకు తయారైనవాటిని పురాతన ఆయుధాలుగా లెక్కిస్తుంది, రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉండవచ్చు. తాతల నాటి రివాల్వర్ లైసెన్సుతో ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఉన్నవారు, తుడవడం దాటిన ఏ మరమ్మతునైనా 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉన్నవారి చేతనే చేయించాలి.

చివరగా, నూనె జిడ్డు పూర్తిగా తుడిచి, రినైసాన్స్ వ్యాక్స్ వంటి మైనాన్ని పలుచగా పట్టించి, ఆరాక పొడి గుడ్డతో మెరుగుపెట్టాలి. బ్రిటిష్ మ్యూజియం పరిశోధనశాలలో రూపొందిన ఈ మైనం లోహపు వస్తువులకు బాగా పనికొస్తుంది. ఇక మీదట నూలు చేతొడుగులతోనే పట్టుకోవాలి. తోలు ఒరలో మాత్రం దాచకూడదు, తోలు పదును చేసే ఆమ్లాలు, అది పట్టే చెమ్మ పూతను మచ్చలు చేస్తాయి. తుప్పు తీసిన చోటును వారం తర్వాత తెల్లగుడ్డతో మరోసారి తుడిచి చూడాలి, ఎర్రమరక అంటితే అక్కడ మైనం తీసి, నూనె నానబెట్టే పని మళ్లీ మొదలుపెట్టాలి.