రొమేనియా కొండదారిలో వెళ్లేవారికి

రొమేనియాలో ట్రాన్స్‌ఫగరాషాన్ ఘాట్ రోడ్డు ఎక్కాలనుకునేవాళ్లు జూలై నుంచి అక్టోబర్ మధ్యలోనే ప్లాన్ చేసుకోండి. 2,042 మీటర్ల ఎత్తుకు వెళ్లే ఈ రోడ్డు పైభాగాన్ని మంచు వల్ల మిగతా నెలల్లో మూసేస్తారు. సీజన్‌లో కూడా రాత్రిపూట వదలరు, కాబట్టి పెందలాడే బయల్దేరాలి.

దక్షిణం వైపు నుంచి ఎక్కితే మొదట కుర్తియా దె అర్జెష్ మఠం వస్తుంది. 1517 నాటి కట్టడం. మెలితిరిగిన రెండు చిన్న గోపురాలను బయటి నుంచి తీరిగ్గా చూడండి. రొమేనియా రాజుల సమాధులు ఉన్నదీ ఇక్కడే. ఆదివారం ఉదయం ప్రార్థన జరుగుతుంది, కెమెరా పట్టుకుని తిరగడం బాగోదు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. మగవాళ్లు టోపీ తీయాలి. చెప్పులు మాత్రం విప్పక్కర్లేదు, మనకది కాస్త వింతగానే ఉంటుంది! కొవ్వొత్తులు వెలిగించే చోట్లు రెండుంటాయి: ఒకటి బతికున్నవాళ్ల కోసం, రెండోది పోయినవాళ్ల కోసం. చూసుకుని పెట్టండి.

అక్కడి నుంచి 166 మీటర్ల ఎత్తున్న విద్రారు డ్యామ్ దాటాక అడవిలో ఎలుగుబంట్లు రోడ్డు పక్కకే వస్తాయి. కారు దిగొద్దు, అద్దం దించొద్దు, బిస్కెట్లు అసలే వేయొద్దు. పైన బుల్యా సరస్సు దగ్గర ఎండాకాలంలోనూ చలే, స్వెటర్ చేతికందేలా పెట్టుకోండి.