పాత గేమ్ కన్సోల్‌ను మళ్లీ ఆడించడం ఎలా?

పాత వీడియో గేమ్ కన్సోల్ చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని, అదే పెట్టెలో కనిపించిన ఏదో ఒక అడాప్టర్ గుచ్చి స్విచ్ వేయడం. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ముప్పై నలభై ఏళ్లుగా నిక్షేపంలా ఉన్న బోర్డు ఆ ఒక్క క్షణంలో కాలిపోవచ్చు.

1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫ్యామికామ్, అమెరికా, యూరప్‌లలో దాని రూపమైన ఎన్‌ఈఎస్, 1988 నాటి సెగా మెగా డ్రైవ్, 1990 నాటి సూపర్ ఫ్యామికామ్ (జపాన్ బయట దాని పేరు సూపర్ నింటెండో)... ఇవన్నీ మొండి యంత్రాలు. వీటిలో తిరిగే మోటారు లేదు, ఫ్యాన్ లేదు, హార్డ్ డిస్క్ లేదు. పాడైపోయిందని పక్కన పడేసినవాటిలో చాలావాటికి జబ్బు రెండే చోట్ల ఉంటుంది: కరెంటు వచ్చే దారిలో, లేదా క్యాసెట్‌కూ కన్సోల్‌కూ మధ్య. అసలు చిప్పులు పోవడం తక్కువే. అందుకని బయటి నుంచి మొదలుపెట్టి, ఒక్కో అడుగూ వేస్తూ లోపలికి వెళ్దాం.

ముందు సామాన్లు

మల్టీమీటర్ ఒకటి తప్పనిసరి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 99 శాతానిది తీసుకోండి. 90కి తగ్గితే అందులోని నీళ్లు ఆరడానికి టైమ్ పడుతుంది. ఇయర్ బడ్స్, మెత్తటి బ్రష్, దారాలు ఊడని బట్ట ముక్క ఉంచుకోండి. స్క్రూల దగ్గర మాత్రం చిన్న చిక్కుంది. నింటెండో, సెగా కన్సోళ్లలో, క్యాసెట్లలో చాలావాటికి మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు. క్యాసెట్లకు 3.8 మిల్లీమీటర్ల గేమ్ బిట్ (ఈ స్క్రూలకే సరిపోయే ప్రత్యేకమైన స్క్రూడ్రైవర్ ముక్క), సూపర్ నింటెండో, నింటెండో 64, మెగా డ్రైవ్ లాంటి కన్సోళ్లకు 4.5 మిల్లీమీటర్ల బిట్ కావాలి. ఎన్‌ఈఎస్ కన్సోల్‌కు మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ చాలు. గేమ్ బాయ్‌కి మూడు రెక్కల బిట్ వాడాలి.

1. అడాప్టర్‌ను నమ్మకండి, కొలవండి

ప్లగ్ దూరినంత మాత్రాన అది ఆ కన్సోల్‌దే అనుకోకూడదు. ఎన్‌ఈఎస్ అసలు అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టుల ఏసీ. దాన్ని డీసీగా మార్చే రెక్టిఫయర్ ఎన్‌ఈఎస్ లోపలే ఉంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. అదే ప్లగ్ ఫ్యామికామ్‌లోనూ, మొదటి మోడల్ మెగా డ్రైవ్‌లోనూ సాఫీగా దూరిపోతుంది. వాటికి కావాల్సింది డీసీ. పాత కన్సోళ్లను చంపే పొరపాట్లలో ఇదే పెద్దది.

తర్వాత చూడాల్సింది ప్లస్, మైనస్. ఫ్యామికామ్ అడాప్టర్ మీద 10 వోల్టుల డీసీ, 850 మిల్లీ ఆంపియర్లు అని ఉంటుంది. ప్లగ్ నడిమధ్యన మైనస్, చుట్టూ ప్లస్. మొదటి మోడల్ మెగా డ్రైవ్‌కూ మధ్యలో మైనసే. కానీ రెండో మోడల్‌కు వచ్చేసరికి సెగా ప్లగ్ సైజు మార్చింది, మధ్యలో ప్లస్ పెట్టింది. పేరు ఒకటే కదా అని ఒకదాని అడాప్టర్ మరొకదానికి వాడకండి. అడాప్టర్ లేబుల్ మీద చుక్క, దాని చుట్టూ అర్ధచంద్రంలాంటి గీత ఉన్న చిన్న బొమ్మ ఉంటుంది. ఆ చుక్కకు కలిసిన గీత చివర ఏ గుర్తుందో అదే ప్లగ్ మధ్యలో ఉన్నది.

ఇప్పుడు మల్టీమీటర్‌తో కొలవండి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువైన పాత అడాప్టర్ అయితే 9 అని రాసి ఉన్నా మీటర్ 12, 13 వోల్టులు చూపించవచ్చు. కంగారు పడకండి. కన్సోల్ తగిలించి లోడ్ పడ్డాక అది కిందికి దిగుతుంది, ఆపైన లోపలి 7805 రెగ్యులేటర్ దాన్ని 5 వోల్టులకు తెస్తుంది. నా సలహా మాత్రం, సరైన వోల్టేజీ, సరైన ధ్రువాలు, తగినంత కరెంటు ఇచ్చే కొత్త అడాప్టర్ కొనుక్కోండి. కన్సోల్ కోసం పెట్టే ఖర్చులో ఇంతకంటే విలువైనది లేదు.

ప్లేస్టేషన్, సాటర్న్, డ్రీమ్‌కాస్ట్ లాంటివి నేరుగా గోడ కరెంటుతో నడుస్తాయి. అవి జపాన్ నుంచి వచ్చినవైతే 100 వోల్టులకు చేసినవి. 220, 240 వోల్టులున్న దేశంలో స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా వాటిని గుచ్చకూడదు.

2. క్యాసెట్ శుభ్రం చేయడం

ఆట రాకపోతే క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టడం ప్రపంచమంతా చేసిన పనే. ఊదాక ఒక్కోసారి పనిచేసేది కూడా. నిజానికి పనిచేయించింది ఊదడం కాదు, తీసి మళ్లీ పెట్టడం. ఆ రాపిడికి పిన్నుల మీది మురికి కాస్త పక్కకు జరిగి కాంటాక్ట్ దొరుకుతుంది. మన ఊపిరిలోని తేమ మాత్రం పిన్నుల మీద మిగిలిపోయి నెమ్మదిగా లోహాన్ని తినేస్తుంది. క్యాసెట్లోకి ఊదవద్దని నింటెండోయే హెచ్చరించింది.

ఇలా చేయండి. ఇయర్ బడ్ కొసను ఆల్కహాల్‌తో తడపండి, కారేంత తడి వద్దు. క్యాసెట్ కింది అంచున బోర్డుకు రెండు వైపులా ఉన్న పిన్నుల మీద పైకీ కిందికీ, అంటే పిన్ను పొడవునా రుద్దండి. మొదటి బడ్ నల్లగా వస్తుంది. పైకి తళతళలాడుతున్న క్యాసెట్ నుంచి కూడా అంత మురికి రావడం చూస్తే ఆశ్చర్యపోతారు. తర్వాతది బూడిద రంగులో, ఆ తర్వాతది దాదాపు తెల్లగా వస్తుంది. బడ్‌కు ఏమీ అంటనంత వరకూ ఆపకండి. పొడి బడ్‌తో ఒకసారి తుడిచి, బాగా ఆరాకే కన్సోల్‌లో పెట్టండి.

ఇసుక కాగితం జోలికి పోవద్దు. పిన్నుల మీద బంగారు పూత చాలా పల్చన. అది పోతే కింది రాగికి చిలుము పట్టడం ఖాయం. ఆల్కహాల్‌కు లొంగని మొండి మరక ఉంటే తెల్ల రబ్బరుతో మెల్లగా రెండు మూడుసార్లు రుద్ది, పొడి అంతా దులిపి, మళ్లీ ఆల్కహాల్‌తో తుడవండి.

3. కన్సోల్ వైపు సాకెట్

పవర్ లైటు సెకనుకోసారి వెలిగి ఆరుతూ, తెర కూడా దానితోపాటే మినుకుమినుకుమంటోందా? మీది ముందు మూత ఎత్తి క్యాసెట్ దూర్చే ఎన్‌ఈఎస్ అయితే దాని తాళం చిప్ పనిలో ఉందన్నమాట. కన్సోల్‌లో ఒకటి, క్యాసెట్లో ఒకటి, రెండు చిప్పులు ఆట నడిచినంతసేపూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. అనుమతి లేని ఆటలను ఆపడానికి పెట్టిన ఏర్పాటు ఇది. మధ్యలో కాంటాక్ట్ సరిగ్గా లేకపోతే అసలు క్యాసెట్‌ను కూడా దొంగ క్యాసెట్ అనుకుని కన్సోల్ మళ్లీ మళ్లీ రీసెట్ అవుతుంది. అంటే ఆ మినుకు చూసి సంతోషించవచ్చు: యంత్రం బతికే ఉంది!

ఈ కన్సోల్‌లో 72 పిన్నుల కనెక్టర్ విడిగా ఊడి వస్తుంది. చాలామంది వెంటనే కొత్త కనెక్టర్ కొంటారు. నేనైతే పాతదాన్నే బాగుచేసుకోమంటాను. కొత్త నకళ్లలో చాలావరకు క్యాసెట్‌ను ఉడుంపట్టు పడతాయి, తీయాలంటే చేతులు నొప్పెడతాయి. పాత కనెక్టర్‌ను బయటికి తీసి, కొన్ని నిమిషాలు నీళ్లలో మరిగించి, పూర్తిగా ఆరబెట్టి బిగిస్తే చాలాసార్లు కొత్తదానిలా పట్టు వస్తుంది. ఆరడానికి ఒక రోజంతా వదిలేయండి. పైనుంచి క్యాసెట్ పెట్టే మిగతా కన్సోళ్లకైతే ఇంత శ్రమ అక్కర్లేదు. పల్చటి ప్లాస్టిక్ కార్డుకు ఆల్కహాల్‌లో తడిపిన బట్ట చుట్టి, సాకెట్లోకి నాలుగైదుసార్లు దూర్చి తీస్తే సరిపోతుంది.

4. మూత తీసి చూడటం

ఇంతవరకూ చేసినా ప్రాణం రాకపోతే అప్పుడే మూత తీయండి. స్క్రూలు ఏవి ఎక్కడివో ఫోటో తీసుకోండి. ప్లేస్టేషన్, సాటర్న్, డ్రీమ్‌కాస్ట్ లాంటి వాటిలో కరెంటు బోర్డు లోపలే ఉంటుంది. ప్లగ్ పీకేసినా దాని కెపాసిటర్లలో ఛార్జ్ మిగిలి ఉండవచ్చు. ఆ బోర్డును ముట్టుకోకండి.

మీరు వెతకాల్సినవి: కెపాసిటర్ల కింద జిగురులాంటి తడి, పచ్చటి చిలుము, చేపల వాసన. అవి కెపాసిటర్ కారిందనడానికి గుర్తులు. 1990లో వచ్చిన సెగా గేమ్ గేర్ దీనికి పేరుమోసింది. శబ్దం సన్నగిల్లడం, తెర మసకబారడం దానిలో మొదటి లక్షణాలు. 2001 నాటి మొదటి ఎక్స్‌బాక్స్‌లో గడియారం కోసం పెట్టిన కెపాసిటర్ చాలా బోర్డుల్లో కారి పక్కనున్న తీగలను తినేస్తుంది. దాన్ని తీసేసినా ఆటకు నష్టం లేదు, కాబట్టి ఆలస్యం చేయకండి. సూపర్ నింటెండో అసలు వెలగకపోతే బోర్డు మీది చిన్న ఫ్యూజును మీటర్‌తో చూడండి. సోల్డరింగ్ అలవాటు లేకపోతే పనికిరాని బోర్డు మీద ముందు చేయి తిప్పుకోండి.

గేమ్ బాయ్‌లో సెల్లు కారి స్ప్రింగులకు తెల్లటి, నీలి పొక్కులు కట్టి ఉంటే, వెనిగర్‌లో ముంచిన బడ్‌తో తుడిస్తే కరిగిపోతాయి. ఆల్కలైన్ సెల్ రసానికి ఆ పులుపు విరుగుడు. చివర ఆల్కహాల్‌తో తుడవండి.

5. క్యాసెట్లోని బ్యాటరీ

ఆటను మధ్యలో ఆపి దాచుకునే వీలున్న క్యాసెట్లు చాలావాటిలో నాణెంలాంటి 3 వోల్టుల సెల్ ఉంటుంది. కన్సోల్ ఆపేసినా మెమరీ చిప్‌కు చుక్క చుక్కగా కరెంటు అందించడమే దాని పని. సెల్ అయిపోతే ఆట ఆడుతుంది, సేవ్ నిలవదు. పోకెమాన్ గోల్డ్, సిల్వర్‌లలో గడియారం కూడా దీనిమీదే నడుస్తుంది కాబట్టి వాటి సెల్లు ఇంకా త్వరగా అయిపోతాయి.

ఒక్క విషయం గుర్తుంచుకోండి: సెల్ తీసిన క్షణం లోపలి సేవ్ పోతుంది. చిన్నప్పుడు ఎవరో గంటల తరబడి ఆడి పెట్టుకున్న పేర్లు, అంకెలు అందులో ఉండవచ్చు. సేవ్‌ను కంప్యూటర్‌లోకి దించే యూఎస్‌బీ రీడర్లు దొరుకుతాయి. ముందు దాన్ని దించుకుని, తర్వాతే సెల్ మార్చండి. కొత్త సెల్‌ను రెండు లోహపు రేకులు వెల్డ్ చేసి ఉన్నది కొనండి. మామూలు సెల్ మీద నేరుగా సోల్డర్ చేస్తే వేడికి పగలవచ్చు. సైజు పాతదాని మీదే రాసి ఉంటుంది, సీఆర్2032, సీఆర్2025, సీఆర్1616 వగైరా. ప్లస్, మైనస్ బోర్డు మీది గుర్తులతో సరిచూసుకోండి. సెగా సాటర్న్‌కైతే ఈ తంటా లేదు. వెనక మూత తీస్తే సీఆర్2032 చేతికి అందుతుంది.

6. ఇప్పటి టీవీకి కలపడం

నాకు ఎక్కువ ఇష్టమైన అడుగు ఇదే. ఆ కాలపు కన్సోళ్ల తెలివంతా ఇక్కడ కనిపిస్తుంది. పాత టీవీ ప్రమాణం ప్రకారం ఒక చిత్రాన్ని బేసి గీతలు, సరి గీతలు అని రెండు సగాలుగా పంపాలి. కన్సోళ్లు ఆ రెండు సగాలనూ ఒకే గీతల మీద పడేలా సిగ్నల్ మార్చి, అదుర్లు లేని 240 గీతల చిత్రాన్ని సెకనుకు 60 సార్లు గీశాయి. దీన్నే 240పి అంటారు. అసలు ప్రమాణంలో లేని పద్ధతి ఇది, అయినా టీవీలన్నీ దాన్ని చక్కగా చూపించాయి.

ఇప్పటి ఎల్‌సీడీ టీవీలు చాలావరకు దాన్ని 480ఐ, అంటే రెండు సగాలుగా వచ్చే మామూలు టీవీ చిత్రం అనుకుని లేని సగాలను అతకడానికి ప్రయత్నిస్తాయి. ఫలితంగా బొమ్మ అలుక్కుపోతుంది, బటన్ నొక్కిన కాసేపటికి గానీ హీరో ఎగరడు. దెబ్బ తగిలాక హీరో మినుకుమినుకుమంటాడు చూశారా? కొన్ని టీవీల్లో ఆ కొద్ది సెకన్లూ పూర్తిగా మాయమైపోతాడు. ఎందుకంటే అతను ఒక ఫ్రేములో ఉండి మరో ఫ్రేములో లేకుండా పోతుంటాడు, టీవీ అతను లేని ఫ్రేమునే పట్టుకుంటుంది.

దీనికి రెండు మార్గాలు. మొదటిది పాత గాజు టీవీ. ఆలస్యం ఉండదు, అదనపు పెట్టె అక్కర్లేదు, బొమ్మ ఆ కాలంలో ఉద్దేశించినట్టే వస్తుంది. తుపాకీతో తెరను కాల్చే ఆటలు దీనిమీదే పనిచేస్తాయి. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, కాల్చాల్సిన బొమ్మ ఉన్న చోట తెల్ల చదరం వెలుగుతుంది, తుపాకీ ఆ వెలుగును సమయానికి పసిగట్టాలి. ఆ టీవీ మూత మాత్రం ఎప్పుడూ తీయకండి, లోపల 20 వేల వోల్టులకు పైనే ఉంటుంది.

రెండో మార్గం 240పి అంటే ఏమిటో తెలిసిన కన్వర్టర్. ఓఎస్ఎస్‌సీ, రెట్రోటింక్ లాంటివి ఇందుకే పుట్టాయి. చౌకగా దొరికే హెచ్‌డీఎంఐ కన్వర్టర్లు పాత టీవీ సిగ్నల్ తీసుకుంటామంటాయి గానీ చాలావరకు ఇదే 480ఐ పొరపాటు చేస్తాయి. కన్సోల్ నుంచి తీసుకోగలిగితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను విడివిడిగా పంపే ఆర్‌జీబీ కేబుల్ వాడండి, సూపర్ నింటెండో, మెగా డ్రైవ్ రెండూ ఇస్తాయి. ఎన్‌ఈఎస్ ఇవ్వదు, దాని చిత్రపు చిప్ లోపలే రంగులన్నీ కలిపేస్తుంది. ఆర్‌జీబీకి వాడే వెడల్పాటి ప్లగ్ ఉన్న స్కార్ట్ కేబుల్ కొనేటప్పుడు జాగ్రత్త: జపాన్ తరహా, యూరప్ తరహా ప్లగ్గులు చూడటానికి ఒకటే, లోపలి తీగల వరుస వేరు. కలగలిపితే యంత్రానికి నష్టం.

స్పష్టత ఎక్కువైతే బొమ్మ ఎప్పుడూ బాగుంటుందనుకోకండి. 1991 నాటి సోనిక్‌లో జలపాతం నిలువు గీతలుగా గీసింది. చిత్రమంతా ఒకే తీగలో పంపే మామూలు కాంపోజిట్ కేబుల్‌తో ఆ గీతలు ఒకదానిలో ఒకటి కలిసి నీళ్లు పారదర్శకంగా కనిపిస్తాయి. ఆర్‌జీబీలో అవి ఉత్త గీతలే. అందుకే మెగా డ్రైవ్‌కు రెండు కేబుళ్లూ ఉంచుకోమంటాను.

7. చివరి సర్దుబాట్లు

కంట్రోలర్ బటన్ గట్టిగా నొక్కితే గానీ పలకకపోతే మూత విప్పి, లోపలి రబ్బరు ప్యాడ్ల నల్లటి భాగాన్నీ బోర్డు మీది గీతలనూ ఆల్కహాల్‌తో మెల్లగా తుడవండి.

పసుపురంగుకు తిరిగిన ప్లాస్టిక్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్, ఎండ కలిపి తెల్లబరచవచ్చు. చేతి తొడుగులు, కళ్లజోడు తప్పనిసరి. కొంతకాలానికి ఆ పసుపు మళ్లీ వస్తుంది, అందుకే నేను దాని జోలికి పోను. ఎండ తగలని, తేమ చేరని చోట పెట్టి పైన గుడ్డ కప్పండి. గేమ్ బాయ్ కొన్నాళ్లు ఆడరనుకుంటే సెల్లు బయటికి తీసేయండి.