బుక్ క్లబ్‌కి తిండి మీద పుస్తకం ఎంచుకోవాలంటే

"ఈసారి తిండి చుట్టూ తిరిగే పుస్తకం ఏదైనా చదువుదాం" అని ఎవరైనా అంటే గ్రూపులో కాదనేవాళ్లు ఉండరు. చిక్కంతా ఆ తర్వాతే వస్తుంది. ఆ మాట విని ఒకరు వంటగదిలో నడిచే ప్రేమకథ ఊహించుకుంటారు, ఇంకొకరు షెఫ్ జ్ఞాపకాలు అనుకుంటారు, మరొకరు ఉప్పు చరిత్రో పంచదార చరిత్రో అనుకుని ఉత్సాహపడతారు, చివరికి ఎవరూ నిజంగా కోరుకోని పుస్తకం ఒకటి మధ్యేమార్గంగా తేలుతుంది. అందుకని పేర్లు అడగకముందే నవల కావాలా, జ్ఞాపకాలు కావాలా, సమాచారం ఇచ్చే పుస్తకం కావాలా అని తేల్చేసుకోండి. సరదాగా కలిసే గ్రూపుకైతే నా ఓటు మొదటి రెండింటికే, ఎందుకో కింద చెప్తాను.

ఆ తర్వాత ప్రతి పుస్తకానికీ నేను పెట్టే పరీక్ష ఒకటే. కథలోంచి తిండి తీసేస్తే ఏమవుతుంది? ఏమీ కాకపోతే, అంటే హీరోయిన్ బేకరీ బదులు పూలకొట్టు నడిపినా కథ అలాగే సాగిపోతుందంటే, దాన్ని పక్కన పెట్టేయండి. ఒంటరిగా చదువుకోవడానికి హాయిగానే ఉంటుంది, కానీ నలుగురూ కూర్చున్నప్పుడు కాసేపట్లోనే మాటలు అయిపోతాయి. నోరూరించే వర్ణనలు ఉన్నాయని ఎంచుకున్న పుస్తకాలకి చాలాసార్లు జరిగేది ఇదే. వర్ణన బాగుందని అందరూ ఒప్పేసుకున్నాక ఇక వాదించుకోవడానికి ఏం మిగులుతుంది?

లారా ఎస్కివెల్ రాసిన 'లైక్ వాటర్ ఫర్ చాకొలేట్' చూడండి. 1989లో స్పానిష్‌లో వచ్చిన మెక్సికో నవల. నెలకొకటి చొప్పున 12 అధ్యాయాలు, ఒక్కో అధ్యాయం ఒక్కో వంటకంతో మొదలవుతుంది. చివరి కూతురు పెళ్లి చేసుకోకుండా తల్లి పోయేదాకా ఆమెను చూసుకోవాలన్నది ఆ ఇంటి కట్టుబాటు, ఆ చివరి కూతురే టీటా. నోటితో చెప్పలేనిదంతా ఆమె వంటలోకి వెళ్లిపోతుంది, తిన్నవాళ్లకి అదే భావం పట్టుకుంటుంది. తను ప్రేమించినవాడు తన అక్కని చేసుకుంటుంటే ఆ పెళ్లి కేకు తయారీ కూడా ఆమె మీదే పడుతుంది, పిండిలో ఆమె కన్నీళ్లు పడతాయి, ఆ కేకు తిన్న అతిథులు ఏడుపు ఆపుకోలేకపోతారు. ఇందులోంచి తిండి తీస్తే కథే ఉండదు. పైగా వంటగది టీటాకి జైలా, రాజ్యమా అని అడిగి చూడండి, గ్రూపు రెండుగా చీలిపోతుంది. అలా చీల్చే ప్రశ్న ఒక్కటైనా ఉన్న పుస్తకం దొరికితే సగం పని అయిపోయినట్టే.

జోఆన్ హారిస్ 'షొకోలా' కూడా అలాంటిదే. 1999 నాటి ఈ నవలలో ఫ్రాన్స్‌లోని ఒక చిన్న ఊళ్లో, సరిగ్గా ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులు మొదలయ్యేటప్పుడు, ఒకామె చాకొలేట్ షాపు తెరుస్తుంది. ఊరి చర్చి ఫాదర్‌కి అది సవాలులా కనిపిస్తుంది. కథ ఆమె గొంతులో కొంత, ఆయన గొంతులో కొంత నడుస్తుంది కాబట్టి ఆయన్ని ఊరికే విలన్ అని కొట్టిపారేయలేం, గ్రూపులో ఎవరో ఒకరు తప్పకుండా ఆయన పక్షం తీసుకుంటారు. 2000లో వచ్చిన సినిమాలో ఆ వ్యతిరేకించే పాత్రని ఊరి మేయర్‌గా మార్చేశారు. చదివాక సినిమా కూడా చూస్తే, ఆ మార్పుతో కథ మెత్తబడిందా అన్నదే ఒక సాయంత్రానికి సరిపోతుంది.

ఇక పేజీల సంగతి. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ గ్రూపులు ఆగిపోయేది ఇక్కడే. పోయినసారి పుస్తకం పూర్తిచేసినవాళ్లు ఎంతమంది అని ఒకసారి నిజాయితీగా లెక్క చూసుకోండి. సగం మంది చదవకుండా వచ్చారంటే వాళ్లని తప్పుపట్టకుండా చిన్న పుస్తకం తీసుకోండి. బనానా యోషిమోతో 'కిచెన్' (1988) నూటయాభై పేజీల దగ్గరే ఉంటుంది, అందులోనూ రెండు కథలున్నాయి, మొదటి దాంట్లో అమ్మమ్మ పోయి ఒంటరైన అమ్మాయికి ఫ్రిజ్ పక్కన పడుకుంటే తప్ప నిద్ర పట్టదు. అంత కూడా కుదరదంటే ఐజాక్ డినెసెన్ కథ 'బాబెట్స్ ఫీస్ట్' ఉంది, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. లాటరీలో వచ్చిన డబ్బంతా బాబెట్ ఒకే ఒక్క విందుకి ఖర్చుపెట్టేస్తుంది, ఆ విందుకొచ్చిన భక్తులేమో తిండి గురించి ఒక్క మాట కూడా మాట్లాడకూడదని ముందే అనుకుని వస్తారు. ఆమె అది ఎవరి కోసం చేసింది? ఈ ప్రశ్న కోసమే నేను ఈ కథని ఎవరికైనా ధైర్యంగా సిఫారసు చేస్తాను. దీని మీద 1987లో వచ్చిన డేనిష్ సినిమాకి ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ కూడా వచ్చింది.

దీనికి పూర్తిగా వ్యతిరేక కొసన అసాకో యుజుకి 'బటర్' ఉంది. మగవాళ్లని చంపిన కేసులో జైల్లో ఉన్న ఒకామె ఎవరికీ ఇంటర్వ్యూ ఇవ్వదు, ఒక జర్నలిస్టు మాత్రం ఆమెని ఒక వంటకం ఎలా చేయాలో చెప్పమని అడిగి దగ్గరవుతుంది. ఆడవాళ్ల ఆకలి, ఒళ్లు, వాటి మీద లోకం చేసే వ్యాఖ్యలు, అన్నీ ఇందులో ఉన్నాయి, చర్చకి కొదవే ఉండదు. కానీ 400 పేజీలు దాటుతుంది. ఇలాంటిది ఎంచుకుంటే రెండు మీటింగులకి పంచండి, మొదటిదానికి ఎక్కడిదాకా చదవాలో ముందే చెప్పేయండి.

ఒక విషయం మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. తిండి పుస్తకం అనగానే హాయిగా ఉంటుందని అందరూ అనుకుంటారు, కానీ ఈ రకం పుస్తకాల్లో చావు, జబ్బు, ఒంటి మీద అసహ్యం చాలా తరచుగా వస్తాయి. హాన్ కాంగ్ 'ది వెజిటేరియన్' పేరు చూసి తేలికైన పుస్తకం అనుకుంటే పొరపాటే. ఒకామె ఒక కల వచ్చాక మాంసం మానేస్తుంది, అక్కణ్నుంచి కుటుంబం చేసే హింస, ఆత్మహత్యాయత్నం, తిండి పూర్తిగా మానేయడం దాకా వెళ్తుంది. కథంతా భర్త, బావ, అక్క వైపు నుంచే నడుస్తుంది, ఆమె కథ ఆమె నోట మనకి దాదాపు వినపడదు. 2016లో ఇంటర్నేషనల్ బుకర్ వచ్చిన గొప్ప పుస్తకం అది, చర్చకి ఇంతకన్నా మంచిది దొరకడం కష్టం, అయినా తిండితో ఇబ్బంది పడుతున్నవాళ్లు గ్రూపులో ఉంటే వాళ్లకి అది భరించలేనిది కావచ్చు. మిషెల్ జానర్ జ్ఞాపకాలు 'క్రైయింగ్ ఇన్ హెచ్ మార్ట్' (2021) కూడా అంతే, క్యాన్సర్‌తో తల్లిని పోగొట్టుకున్న కూతురి పుస్తకం. ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు ఉంటే గ్రూపులో అందరి ముందూ కాకుండా విడిగా మెసేజ్ పెట్టి అడగండి. వద్దంటే కారణం అడక్కండి, ఇంకో పుస్తకం చూసుకోండి.

సమాచారం ఇచ్చే పుస్తకాలంటే నాకు చాలా ఇష్టం, కానీ సరదా గ్రూపులో వాటితో ఒక ఇబ్బంది ఉంది. మార్క్ కుర్లాన్‌స్కీ 'సాల్ట్' లాంటి ఒకే పదార్థం చరిత్ర చదివి వస్తే అందరూ "ఇది తెలుసా, అది తెలుసా" అని చెప్పుకుంటారు తప్ప మాట మీద మాట పెరగదు. తప్పనిసరిగా ఇదే రకం కావాలంటే ఒక వైఖరి తీసుకుని వాదించే పుస్తకం వెతకండి, పూర్తిగా చదవాలన్న నియమం కూడా వదిలేయండి. మైకేల్ పోలన్ 'ది ఆమ్నివోర్స్ డిలెమా' (2006) పెద్ద పుస్తకమే, కానీ మొక్కజొన్న గురించిన మొదటి భాగం ఒక్కటీ చదివినా మాట్లాడుకోవడానికి బోలెడంత దొరుకుతుంది.

రెండుమూడు పేర్లు మిగిలాక ఓటింగ్ పెట్టేముందు శాంపిల్ చదవండి. మొదటి అధ్యాయం ఒక్కటీ చాలదు, అది ఎవరైనా బాగానే రాస్తారు. దొరికితే మధ్యలో ఒక వంట సీనో భోజనం సీనో తీసుకుని, ఆ సీను ముగిసేసరికి మనుషుల మధ్య ఏమైనా మారిందా అని చూడండి. మారితే మంచి గుర్తు. అలాగే కాగితం పుస్తకం, ఈ-బుక్, ఆడియో, లైబ్రరీ కాపీలు, అనువాదం, వీటిలో ఏవి అందరికీ అందుతాయో ముందే కనుక్కోండి. ఆడియోలో వినేవాళ్లు ఎక్కువుంటే కొలతలతో సహా రెసిపీలు నిండిన పుస్తకం విసిగిస్తుంది. నోరా ఎఫ్రాన్ 'హార్ట్‌బర్న్' దీనికి మినహాయింపు, అందులో రెసిపీలు కథ చెప్పే ఆమె మాటల్లోనే కలిసిపోతాయి, ఆడియో చదివింది మెరిల్ స్ట్రీప్.

పుస్తకంలోని వంటకాలు చేసి మీటింగుకి తెచ్చుకుంటే బాగుంటుంది, కానీ దాన్ని బట్టి పుస్తకం ఎంచుకోకండి. వండటం ఇష్టమున్నవాళ్లకే వదిలేయండి, ఎవరికి ఏది పడదో ముందు అడగండి.

పేరు ప్రతిపాదించినవాళ్లనే ఆ పుస్తకం మీద మూడు ప్రశ్నలు రాసి గ్రూపులో పెట్టమనండి, జవాబు ఒక్కొక్కరిదీ ఒక్కోలా రాగల ప్రశ్నలు. రాయలేకపోతే ఆ పుస్తకాన్ని ఓటింగ్‌లో పెట్టకండి. ఓట్లు సమానంగా వస్తే పేజీలు తక్కువున్నది ముందు చదివేయండి, రెండోది తర్వాతి నెలకి ఉంచండి.