తిథి ప్రోగ్రామ్‌కి సరుకుల చీటీ

నాన్నగారి కోసం తిథి చూపించే చిన్న ప్రోగ్రామ్ ఒకటి సీ భాషలో రాశాను. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్న పాత థింక్‌ప్యాడ్‌లో దాన్ని గ్నూ గీక్స్ ప్యాకేజీగా కట్టిన తీరు ఇది. గీక్స్ అంటే ప్రోగ్రామ్‌లను కట్టి ఇన్‌స్టాల్ చేసిపెట్టే సాధనం, ప్యాకేజీ అంటే ఎలా కట్టాలో దానికి చెప్పే చీటీ.

ముందు 'గీక్స్ ఎడిట్ హలో' కొట్టండి. గైల్ స్కీమ్ అనే భాషలో రాసిన 'హలో' నమూనా ప్యాకేజీ తెరుచుకుంటుంది. దాన్నే కాపీ చేసి పేరు, వెర్షన్, సోర్స్, వివరణ మార్చుకోండి. సిగ్గేం లేదు, నేనూ అలాగే మొదలుపెట్టా. ఫైలు చివర ప్యాకేజీ పేరు మళ్లీ ఒక్కసారి రాయండి. అది లేకపోతే ఫైలు నుంచి బిల్డ్ జరగదు. దీనికే నాకో సాయంత్రం పోయింది.

సోర్స్ హ్యాష్‌కి, అంటే సోర్స్ వేలిముద్ర లాంటి దానికి, 'గీక్స్ డౌన్‌లోడ్' వాడండి, 52 అక్షరాల వరస ఇస్తుంది. లైసెన్స్‌ల మాడ్యూల్‌ని మాత్రం ప్రిఫిక్స్‌తో, అంటే పేర్ల ముందు ఒక గుర్తు తగిలించి, తెచ్చుకోండి. జెడ్‌లిబ్ అనే పేరుతో లైసెన్సూ ఉంది, ప్యాకేజీ కూడా ఉంది, గుర్తు లేకపోతే రెండూ కలిసిపోతాయి.

అసలు తిప్పలు ఇన్‌పుట్లతోనే, అంటే ప్రోగ్రామ్‌కి కావలసిన వేరే ప్యాకేజీలతోనే. పెళ్లి వంటమేస్త్రి చీటీలో చింతపండు రాయకపోతే ఆ పూట చారు లేనట్టే. గీక్స్ కూడా ప్రోగ్రామ్‌ని నెట్ లేని గదిలో పెట్టి తలుపేస్తుంది. మీ మెషీన్‌లో ఏమున్నా దానికి అనవసరం, చీటీలో ఉన్నదే లోపలికెళ్తుంది. ప్రోగ్రామ్ నడవడానికి కావలసినవి ఇన్‌పుట్స్‌లో, కట్టేటప్పుడే కావలసిన పీకేజీ-కాన్ఫిగ్ లాంటి పనిముట్లు నేటివ్-ఇన్‌పుట్స్‌లో రాయాలి.

అన్నీ రాశాననుకున్నా. కంపైల్ అయింది, టెస్ట్ దగ్గర పడిపోయింది. తెల్లవారుజామున మారాల్సిన తిథి మారట్లేదు. 'గీక్స్ బిల్డ్'కి హైఫన్ పెద్ద కే తగిలించి మళ్లీ బిల్డ్ చేస్తే పాడైన బిల్డ్ ఫోల్డర్ టెంప్‌లో అలాగే మిగిలింది. అందులో దూరి చూస్తే సరిగ్గా 5 గంటల 30 నిమిషాల తేడా! ఆ గదిలో టైమ్‌జోన్ డేటా లేదు, కోల్‌కతా అన్నా ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీయే లెక్క. నేటివ్-ఇన్‌పుట్స్‌లో 'టీజెడ్‌డేటా-ఫర్-టెస్ట్స్' చేర్చి, టెస్టులు నడిచే చెక్ దశకు ముందు 'టీజెడ్‌డిర్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ దాని జోన్‌ఇన్ఫో ఫోల్డర్‌ని చూపేలా ఒక దశ రాశాను. పాసైంది. టెస్టులు ఆపేస్తే పోయేదిగా అని ఒక మిత్రుడన్నాడు. ఆపేసుంటే గదిలో టైమ్‌జోన్ లేదన్న సంగతే నాకు తెలిసేది కాదు.

తర్వాత ప్యాకేజీలో తప్పులు వెతికే 'గీక్స్ లింట్' నడపండి. ఒక్క వాక్యం పరిచయం చివర చుక్క పెట్టినా ఊరుకోదు. అది కూడా దాటాక ఆ ఫైలునే కూకట్‌పల్లిలో నాన్నగారి కంప్యూటర్‌కి పంపి, 'గీక్స్ ప్యాకేజ్'కి హైఫన్ చిన్న ఎఫ్ తగిలించి ఇన్‌స్టాల్ చేశా. గోడ మీది క్యాలెండర్‌తో పోల్చి చూస్తున్నారు.