పాత కార్వెట్‌ను చూడటం నేర్చుకుందాం – 3వ పాఠం: ఫైబర్‌గ్లాస్ కింది ఉక్కు

ముందుగా పోయిన పాఠంలో ఇచ్చిన ప్రశ్న. కారు గుర్తింపు ప్లేటు మీద 194676, పక్కన ఎస్, ఆ తర్వాత ఆరంకెలు. ఈ నంబరు ఏ కారుది? మొదటి 1 అంటే అమెరికా కంపెనీ షెవర్లే, 94 అంటే దాని స్పోర్ట్స్ కారు కార్వెట్, 67 అంటే కన్వర్టిబుల్ (మడిచే బట్ట టాపు కారు), 6 అంటే 1966, ఎస్ అంటే సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీ. 67 ఉండాల్సిన చోట 37 కనిపించి, ఎదురుగా బట్ట టాపు కారు ఉందనుకోండి. 37 అంటే కూపే, గట్టి పైకప్పు కారు. దాన్ని కోసి కన్వర్టిబుల్ చేశారన్నమాట, లేదా ఆ ప్లేటు వేరే కారుది. రెండింటిలో ఏదైనా సరే, దండం పెట్టి వచ్చేయండి.

ఈ పాఠంలో కారు దగ్గరికి వెళ్తాం, కానీ స్టార్ట్ చేయం. 1963 నుంచి 1967 దాకా స్టింగ్ రే పేరుతో వచ్చిన కార్వెట్ కన్వర్టిబుల్‌ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. 1968–75 కార్లకి కూడా చాలావరకు ఇదే పనికొస్తుంది, ఎందుకంటే పైన బాడీ మారినా కింద చాసిస్ (బాడీని మోసే చట్రం) దాదాపు పాతదే.

ఒక హెచ్చరిక. ఈ కారు పక్కన నిలబడగానే బుర్ర పనిచేయడం మానేస్తుంది. షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్‌లో డిజైన్ విభాగం అధిపతి బిల్ మిచెల్ దగ్గర పనిచేసిన డిజైనర్ లారీ షినోడా గీసిన ఆకారం అది. డ్రైవర్ సీట్లో కూర్చుంటే పొడవాటి బానెట్‌కి అటూ ఇటూ ఫెండర్ల ఉబ్బు కనిపిస్తుంది. స్విచ్ నొక్కితే హెడ్‌లైట్లు మోటారుతో తిరిగి బయటికొస్తాయి. 1963లో 10,919 కన్వర్టిబుళ్లు, 10,594 కూపేలు తయారయ్యాయి. 1968లో పైకప్పు పలకలు ఊడదీసే కూపే వచ్చాక గాలి అటు తిరిగింది. 1975లో కన్వర్టిబుళ్లు 4,629కి పడిపోయి, ఆపైన 1986 దాకా అసలు లేవు. కాబట్టి బట్ట టాపు కార్వెట్ మీద జనానికి ఇప్పుడున్న మోజులో వింతేమీ లేదు. ఆ మోజు మనక్కూడా ఉంటుంది కాబట్టే, మెరుపు చూడటం చివరికి పెట్టుకుని ముందు నేల మీద పడుకోవాలి.

తీసుకెళ్లాల్సినవి: మంచి టార్చిలైటు, కర్రకి బిగించిన చిన్న అద్దం, స్క్రూడ్రైవర్లు, అయస్కాంతం, మాసినా ఫరవాలేదనుకునే చొక్కా. అయస్కాంతం బాడీకి పెట్టి చూడకండి, మొదటి కార్వెట్ వచ్చిన 1953 నుంచీ బాడీ ఫైబర్‌గ్లాసే, ఎక్కడా అంటుకోదు. అది చాసిస్ కోసం.

అమ్మే ఆయన తప్పకుండా చెప్పే మాట ఒకటుంది: "ఫైబర్‌గ్లాస్ కదండీ, తుప్పు మాటే లేదు." సగం నిజం. పైన కనిపించే బాడీకి తుప్పు రాదు. కానీ ఆ బాడీని మోసే చాసిస్ ఉక్కే, విండ్‌షీల్డ్ చుట్టూ, తలుపుల కీళ్ల దగ్గర లోపల దాగి ఉన్న చట్రమూ ఉక్కే. అమెరికాలో కార్వెట్ వాళ్లు దాన్ని బర్డ్‌కేజ్ అంటారు. మామూలు కారులో తుప్పు పెయింటు మీద పొంగి తనే బయటపడుతుంది. ఇందులో అలా జరగదు. పైన పెయింటు తళతళలాడుతుంటే లోపల చట్రం పొరలు పొరలుగా రాలుతూ ఉండొచ్చు.

మొదట చాసిస్. వెనుక చక్రానికి కొంచెం ముందు, చాసిస్ పక్క దూలం పైకి వంపు తిరిగే చోటికి టార్చి పట్టండి. నీళ్లూ మట్టీ చేరి నిలిచేది అక్కడే. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఉక్కు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది దబ్బుమంటుంది. అనుమానం వచ్చిన చోట అయస్కాంతం ఆనించండి. పక్కన గట్టిగా పట్టుకున్నది ఇక్కడ జారిపోతుంటే, లోపల పుట్టీ పూసి పైన పెయింటేశారని అర్థం. చాసిస్ మొత్తానికి కొత్తగా నల్ల పెయింటు కొట్టి ఉంటే నాకు సంతోషం కలగదు. పెళ్లికి ముందు హడావిడిగా సున్నం వేసిన పాత ఇల్లు లాంటిది అది, ఏ పగులు కప్పారో తెలియదు. మచ్చలున్నా పాత పెయింటు ఉన్న చాసిస్సే నయం, దాని మీద అన్నీ కనిపిస్తాయి.

తర్వాత బర్డ్‌కేజ్. కన్వర్టిబుల్‌కి ఇది మరీ ముఖ్యం. టాపు రబ్బర్లు గట్టిపడితే నీళ్లు లోపలికొస్తాయి, విండ్‌షీల్డ్ అంచుల నుంచి కూడా దిగుతాయి. ముందు కార్పెట్ కింద చెయ్యి పెట్టి తడి, ముక్కిన వాసన ఉన్నాయేమో చూడండి. కాళ్లు పెట్టుకునే చోట, తలుపుకి ముందు పక్కగా ఒక ప్యానెల్ ఉంటుంది. యజమానిని అడిగి దాని స్క్రూలు విప్పించండి. వెనకాల తలుపు కీళ్లు మోసే స్తంభం అడుగు కనిపిస్తుంది. పైపైన ఎర్రటి మరక ఉంటే కంగారు పడొద్దు. పొరలుగా ఊడుతుంటే, స్క్రూడ్రైవర్ మొన దిగబడుతుంటే అక్కడితో బేరం ఆపండి. ఆ ప్యానెల్ విప్పడానికి యజమాని ఒప్పుకోకపోతే, అదీ ఒక జవాబే అనుకోండి. దీన్ని సరిచేయాలంటే విండ్‌షీల్డ్ తీయాలి, ఫైబర్‌గ్లాస్ కోయాలి, ముదిరితే బాడీని చాసిస్ మీది నుంచి ఎత్తాలి. అంత ఖర్చు పెట్టే బదులు మంచి కారే కొనుక్కోవచ్చు.

విప్పకుండా చేసే పరీక్ష కూడా ఒకటుంది. తలుపు మూసి చుట్టూ సందు చూడండి. పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటే బాడీ కుంగిందేమో అనుమానించాలి. ఇప్పుడు తలుపు తెరిచి చివర పట్టుకుని మెల్లగా పైకెత్తండి. కీలు దగ్గర మాత్రమే ప్లే (లూజు) ఉంటే అది చిన్న పని. స్తంభమే కదులుతుంటే పైన చెప్పినదంతా గుర్తు తెచ్చుకోండి.

ఇక ఫైబర్‌గ్లాస్. ఫ్యాక్టరీలో బాడీ ప్యానెళ్లని ఒకదాని పక్కన ఒకటి పెట్టి, వెనక నుంచి పట్టీలు అతికించి కలిపారు. ముందు చక్రం పైన చెయ్యి పెట్టి ఆ పట్టీలు తడుముకోండి, అద్దంలో చూడండి. అవి ఉండాల్సిన చోట లేకపోతే ముందు భాగం ఎప్పుడో గుద్దుకుని, మొత్తం ఒకే అచ్చులో వచ్చిన కొత్త ముక్క వేశారన్నమాట. అసలు ప్యానెల్ లోపలి వైపు కూడా దాదాపు నున్నగానే ఉంటుంది, చేత్తో పోసినది పీచు పీచుగా గరుకుగా తగులుతుంది. అలాంటి ముక్క ఉన్నంత మాత్రాన కారు పనికిరానిదేం కాదు. అసలు బాడీ ధర మాత్రం ఇవ్వకండి. సాలెగూడు లాంటి సన్నని పగుళ్ల కోసం టార్చిని పక్కవాటుగా పట్టి చూడండి. పెయింటు వయసుతో వచ్చే పగుళ్లు అంతటా ఉంటాయి, దెబ్బ వల్ల వచ్చినవి ఒకే చోట గుంపుగా ఉంటాయి.

టాపుని మీరు ముట్టుకోవద్దు, యజమాని చేతే వేయించి తీయించండి. వెనుక మూత ఎత్తి, టాపు లోపలికి మడిచి, మళ్లీ మూత వేయాలి. ఆయన తడబడుతుంటే చాన్నాళ్లుగా ఎవరూ తీయలేదని తెలిసిపోతుంది. వెనుక కిటికీ అద్దం కాదు, పారదర్శకమైన ప్లాస్టిక్. పసుపు రంగు తిరిగి ఉంటే చలిలో మడవనీయకండి, పగులుతుంది. బట్ట చిరిగితే కొత్తది దొరుకుతుంది. వంకరపోయిన కమ్మీల చట్రమే తలనొప్పి.

బ్రేకులు, చక్రాలు త్వరగా ముగిద్దాం. 1965 నుంచి నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు వచ్చాయి. వాటి కాలిపర్లు, అంటే డిస్కుని నొక్కి పట్టే భాగాలు, పోత ఇనుము. బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, కదలకుండా పడి ఉన్న కారులో ఆ తేమ కాలిపర్ లోపలి గోడని తినేసి లీకు తెస్తుంది. టైరు లోపలి వైపు తడి మరకలున్నాయేమో చూడండి, కాలిపర్ల లోపలి గోడలకి స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టాలు తొడిగారా అని అడగండి. తొడిగి ఉంటే సగం టెన్షన్ పోయినట్టే. "చాలా తక్కువ తిరిగిన కారండీ" అని గర్వంగా చెప్పినప్పుడు ఇది గుర్తుండాలి. తర్వాత వెనుక భాగాన్ని జాకీతో లేపి, కింద స్టాండు పెట్టాకే, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు ఎక్కువుంటే బేరింగు పని. ఈ కారులో అది తెలిసిన మెకానిక్‌కే అప్పగించాల్సిన పని.

వచ్చే పాఠంలో ఇంజిన్ మీది ముద్రలు చదువుతాం. అప్పటికి ఈ ప్రశ్నకి జవాబు రాసి ఉంచుకోండి: 1967 కన్వర్టిబుల్, పెయింటు కొత్తది. ఎడమ తలుపు సందు పైన ఎక్కువ, కింద తక్కువ. తలుపు పైకెత్తితే కీలు దగ్గర ప్లే లేదు. ఎడమ కార్పెట్ తడిగా ఉంది. వానలో టాపు తెరిచి ఉండటం వల్ల తడిసిందని యజమాని అంటున్నాడు, కుడి కార్పెట్ మాత్రం పొడిగానే ఉంది. మీ చేతిలో ఒక్క స్క్రూడ్రైవర్, పది నిమిషాల టైమ్ మాత్రమే ఉన్నాయి. ముందు ఏ స్క్రూలు విప్పమని అడుగుతారు, అక్కడ ఏం కనిపిస్తే వెనక్కి వచ్చేస్తారు?