హంగేరియన్‌లో ‘నా’, ‘నీ’, ‘మీ’ తప్పుతున్నాయా? ముందు ఆ ఒక్క ‘ఇ’ని పట్టుకోండి

హంగరీకి వైద్యం చదవడానికి వచ్చే మన పిల్లలు పాఠాలన్నీ ఇంగ్లీషులోనే వింటారు. కానీ వార్డులోకి అడుగుపెట్టాక హంగేరియన్ తప్పదు. దెబ్రెత్సెన్ అయినా, సెగెద్ అయినా, పేచ్ అయినా, పేషెంటు తన బాధ చెప్పుకునేది సొంత భాషలోనే కదా. వాళ్ల నోట్‌బుక్కులు చాలా ఏళ్లుగా దిద్దుతున్నాను. తప్పులన్నీ తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తాయి: ఎవరిది ఏది అని చెప్పే చిన్న ప్రత్యయం దగ్గరికి.

హాజ్ అంటే ఇల్లు. హాజమ్, హాజద్, హాజ, హాజున్క్, హాజతొక్, హాజుక్ (నా, నీ, అతని, మా, మీ, వాళ్ల ఇల్లు) అనే వరుస మీకు ఇప్పటికే వచ్చనుకుని రాస్తున్నాను. హంగేరియన్ మాటలన్నీ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. పొట్టి ‘అ’ పలికేటప్పుడు పెదాలు కొంచెం గుండ్రం చేసి ‘ఒ’ వైపు తీసుకెళ్లండి, చాలు.

“నెకెమ్ వన్ హాజ్” అంటే ఎవరికీ అర్థం కావడం లేదు

పదిమందిలో ఎనిమిది మంది ఈ చెక్ చేసుకోకుండానే నా దగ్గరికి వస్తారు. సొత్తు పేరు చివర ప్రత్యయం ఉందా లేదా?

నెకెమ్ అంటే నాకు, వన్ అంటే ఉంది. “నాకు ఇల్లు ఉంది” అని మనం ఎలా అంటామో హంగేరియన్ కూడా అలాగే అంటుంది. ఇంగ్లీషు ‘హ్యావ్’ లాంటి క్రియతో పని ఇక్కడా లేదు, మనకూ లేదు. ఆ ధీమాతోనే మనవాళ్లు అక్కడ ఆగిపోతారు. తెలుగులో మార్పు యజమాని పేరుకు వస్తుంది: రాముడు కాస్తా ‘రాముడి’ అవుతాడు, ఇల్లు మాత్రం ఇల్లుగానే ఉంటుంది. హంగేరియన్‌లో యజమాని కదలడు, ఇల్లే మారుతుంది: పేతెర్ హాజ, అంటే పేతెర్ ఇల్లు. కాబట్టి నాకు ఇల్లు ఉందని చెప్పాలంటే “వన్ హాజమ్”. నెకెమ్ లేకపోయినా వాక్యం నిలబడుతుంది. చివరి మ్ లేకపోతే నిలబడదు. వాక్యం రాశాక సొత్తు మాట మీద వేలు పెట్టి దాని చివర ఏముందో చూడండి.

చుట్టరికాల దగ్గర మనకు ఒక సౌకర్యం ఉంది. అన్నకు, తమ్ముడికి, అక్కకు, చెల్లెలికి హంగేరియన్‌లో కూడా వేరువేరు మాటలున్నాయి: బాత్యామ్, ఒచేమ్, నొవేరెమ్, హూగొమ్. వీటిని చివరి మ్‌తో కలిపే నేర్చుకోండి. ఒక్క జాగ్రత్త. మనం “మా అన్న” అంటాం కాబట్టి చెయ్యి ‘మా’ ప్రత్యయం వైపు పోతుంది. బాత్యాన్క్ అంటే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అందరి తరఫునా చెప్తున్నట్టు ఉంటుంది. ఒక్కరే మాట్లాడుతుంటే ‘నా’ వాడాలి.

ఒకటా, ఎక్కువా అన్నది తేలడం లేదు

నన్ను బాగా దెబ్బతీసిన తప్పు ఇదే. అందుకే దీని గురించి వివరంగా చెప్తాను.

నేను కొత్తగా వచ్చిన రోజుల్లో పక్కింటి పెద్దావిడ నన్ను ఆదివారం భోజనానికి పిలిచింది. “యొన్నెక్ అ ఫియయిమ్” అంది. కొడుకు వస్తున్నాడనుకుని ఒక్కడికి సరిపోయే కానుక కొని తీసుకెళ్లాను. వెళ్లి చూస్తే బల్ల దగ్గర ముగ్గురు కొడుకులు కూర్చుని ఉన్నారు. ఆవిడ ఏమీ అనుకోలేదు కానీ, ఆ మధ్యాహ్నమంతా నా చేతిలోని ఆ ఒక్క పొట్లం నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఇంటికొచ్చి నోట్‌బుక్ తీశాను. ఫియమ్ అంటే నా కొడుకు. దాని కింద నేనే రాసుకున్న రెండో మాట ‘ఫియైమ్’. అలా రాసుకుని, అలాగే చదువుకుని, రెండూ ఒకటే అన్నట్టు వినడం నా చెవికి నేనే అలవాటు చేశాను.

అసలు సంగతి ఇది. సొత్తు ఒకటికి మించితే హంగేరియన్ ఒక్క ‘ఇ’ చేర్చి ఊరుకుంటుంది. అది మాట చివర కాదు, మధ్యలో, యజమానిని చెప్పే ప్రత్యయానికి ముందు దూరుతుంది. హాజమ్ నా ఇల్లు, హాజయిమ్ నా ఇళ్లు. ద్యెరెకెమ్ నా బిడ్డ, ద్యెరెకెయిమ్ నా పిల్లలు. ‘అతని’ దగ్గర ఆ ఇ తర్వాత ఇంకేమీ రాదు: ద్యెరెకె అతని బిడ్డ, ద్యెరెకెయి అతని పిల్లలు.

హంగేరియన్‌వాళ్లు ఆ ఇని విడిగా ఒక అక్షరంగా పలుకుతారు. హా-జ-యిమ్, మూడు దెబ్బలు. మన నాలుక అలా ఊరుకోదు. ‘అయితే’ని ‘ఐతే’ అని, ‘అయింది’ని ‘ఐంది’ అని కలిపేసే అలవాటు మనది. ఆ అలవాటుతో మూడు దెబ్బలు రెండైపోయి ‘హాజైమ్’ మిగులుతుంది. ద్యెరెకెయిమ్ అయితే ‘ద్యెరెకేమ్’ అయిపోతుంది. బహువచనమంతా ఆ ఒక్క ఇలోనే ఉంది కాబట్టి, అది కరిగిపోతే పిల్లలు బిడ్డ అయిపోతారు. కేస్ షీట్‌లో పేషెంటుకు తోడుండేవాళ్లు ముగ్గురని రాయాల్సిన చోట ఒక్కరని పడుతుంది.

పరిష్కారం మన వ్యాకరణంలోనే ఉంది: యడాగమం. రెండు అచ్చుల మధ్య మనం య్ పెడతామే, అదే. నోట్‌బుక్‌లో ఐ, ఏ రాయకండి. ప్రతిసారీ ‘యి’ అని రాయండి: హాజయిమ్, ద్యెరెకెయిమ్, ఫియయిమ్. ఇది మన సౌలభ్యం కోసం చేసే సర్దుబాటు కాదు. ఆ చోట హంగేరియన్‌వాళ్ల నోట కూడా సన్నని య్ వినిపిస్తుంది. సుమారు 1195 నాటిదిగా చెప్పే ఒక అంత్యక్రియల ప్రసంగం ఉంది. హంగేరియన్‌లో ఇప్పటిదాకా దొరికిన మొట్టమొదటి పూర్తి పాఠం అదే. అందులో రెండో మాటే ‘ఫెలెయిమ్’, నా వాళ్లారా అని. రాసినాయన ఆ ఇ చోట రోమన్ లిపిలోని ‘వై’ అక్షరం పెట్టాడు. మనల్ని ఇప్పుడు ఇబ్బంది పెడుతున్న ఇయే అది, ఎనిమిది వందల ఏళ్లుగా ఆ చోటు నుంచి కదల్లేదు.

ఇంకా అనుమానంగా ఉంటే క్రియ వినండి. యొన్ అంటే వస్తున్నాడు, యొన్నెక్ అంటే వస్తున్నారు. ఆ రోజు నేను క్రియ మీద చెవి పెట్టి ఉంటే సరిపోయేది.

ఈ ఇ దగ్గరే ఇంకో మూడు గోతులున్నాయి.

మొదటిది క్. ద్యెరెకెక్ అంటే పిల్లలు, మామూలు బహువచనం. దానికి మ్ తగిలించి ‘ద్యెరెకెకెమ్’ అనేవాళ్లు చాలామంది. ‘పిల్లలు’ అనే అలవాటు అక్కడిదాకా లాక్కెళ్తుంది. యజమాని ప్రత్యయం వచ్చిందంటే బహువచనపు క్ పోయి ఇ వస్తుంది, రెండూ కలిసి ఉండవు. అలాంటి మాట చివర క్ కనబడితే అది చాలాసార్లు యజమానులు ఎక్కువమంది అని చెప్తుంది, వస్తువులు ఎక్కువ అని కాదు. హాజుక్ వాళ్ల ఇల్లు, ఒక్కటే. హాజయిక్ వాళ్ల ఇళ్లు.

రెండోది అంకె. పైదంతా నేర్చుకున్నాక పిల్లలు ఇని అతిగా వాడతారు. మనకు ఇద్దరు కొడుకులు, మూడు ఇళ్లు. హంగేరియన్‌లో అంకె వచ్చాక మాట ఏకవచనంలోనే ఉంటుంది. “హారొమ్ ఫియమ్ వన్” అంటే నాకు ముగ్గురు కొడుకులు. ఇ లేదు, క్రియ కూడా ఏకవచనమే. మీకు ఎంతమంది పిల్లలు అని పేషెంటును అడగాలన్నా అంతే: “హాన్య్ ద్యెరెకె వన్?”

మూడోది అచ్చుతో ముగిసే మాటలు. కుత్య అంటే కుక్క. కుత్యాయ అతని కుక్క, కుత్యాయి అతని కుక్కలు. తేడా అంతా య, యిల మధ్యే ఉంది. అఉతోయ అతని కారు, అఉతోయి అతని కార్లు. ఇక్కడ యిని గట్టిగా పలక్కపోతే వినేవాళ్లకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

పక్క భాషలతో పోల్చి చూస్తే ఈ ఇ ఎంత చిన్నదో తెలుస్తుంది. టర్కిష్‌లో ఎవిమ్ నా ఇల్లు, ఎవ్లెరిమ్ నా ఇళ్లు. ‘లెర్’ ఎవరి చెవికైనా తగులుతుంది. హంగేరియన్‌కు దూరపు చుట్టమైన ఫిన్నిష్‌లో ‘తలొని’ అంటే నా ఇల్లూ అవుతుంది, నా ఇళ్లూ అవుతుంది, ఏదన్నది వాక్యం చెప్పాలి. ‘నా ఇంట్లో’, ‘నా ఇళ్లలో’ అన్నప్పుడు మాత్రం తలొస్సని, తలొఇస్సని అని అక్కడా మధ్యలో ఒక ఇ పైకి వస్తుంది. ఈ రెండు భాషల ఇలకూ మూలం ఒకటేనని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ప్రత్యయాల వరుస మాత్రం వేరు. ఫిన్నిష్‌లో ‘లో’ ముందు, ‘నా’ తర్వాత. హంగేరియన్‌లో ‘నా’ ముందు, ‘లో’ తర్వాత: హాజమ్‌బన్. ఇళ్లయితే హాజయిమ్‌బన్.

పెద్దాయన్ని మర్యాదగానే అడిగాను, అయినా తప్పన్నారు

“మీ తల నొప్పిగా ఉందా?” అని అడగాలి. మన ‘మీ’ బహువచనానికీ మర్యాదకూ ఒకటే కాబట్టి చాలామంది “ఫాయ్ అ ఫెయెతెక్?” అంటారు. అది చనువున్న నలుగురిని కలిపి “మీ అందరి తల నొప్పిగా ఉందా” అని అడిగినట్టు అవుతుంది. ‘నీ’ వాడి ఫెయెద్ అంటే ముసలాయన్ని నువ్వు అన్నట్టే. హంగేరియన్ మర్యాద ‘అతని’ రూపంలో ఉంది: “ఫాయ్ అ ఫెయె?” ఎదురుగా ఉన్న మనిషిని మూడో మనిషిలా అడగడం మనకు మొదట్లో ఎబ్బెట్టుగానే ఉంటుంది. వార్డుకు వెళ్లే ముందు తల, కడుపు, నడుము, చెయ్యి, ఈ నాలుగింటినీ ఇలా అడగడం గట్టిగా వల్లె వేసుకోండి.

కళ్లు, కాళ్లు లాంటి జంటల్ని మామూలుగా ఏకవచనంలోనే అంటారు. “ఫాయ్ అ సెమెమ్” అంటే ఒక కన్నే నొప్పి అని రాసుకోకండి. ఏ కన్ను, రెండూనా అని అడగండి.

చివర ఇ ఉంది, కానీ ‘అతనివి’ అంటే అర్థం కుదరడం లేదు

అది వేరే ఇ. దెబ్రెత్సెని అంటే దెబ్రెత్సెన్‌కు చెందిన, ఇందియయి అంటే భారతదేశానికి చెందిన. మన ‘హైదరాబాదీ’, ‘ఇరానీ చాయ్’ల్లోని ఈ చేసే పనే ఇదీ చేస్తుంది. కానీ మనది అరబ్బీ, పారశీకాల దారిలో వచ్చింది, రెండింటికీ చుట్టరికం లేదు. హాజియొర్వొష్ అంటే కుటుంబ వైద్యుడు, ‘అతని ఇళ్ల వైద్యుడు’ కాదు. ఒక గుర్తు చెప్తాను. ఇకి ముందు హల్లు ఉంటే అది సొత్తు ఇ కాదు, సొత్తు ఇకి ముందు అచ్చు ఉండి తీరాలి. హాజి వేరు, హాజయి వేరు.

ఈ రెండో ఇ మన ఊళ్లదాకా వచ్చింది. హంగరీలో కొచ్ అనే ఊరుంది. అక్కడి బండిని కొచి అన్నారు, కొచ్‌కు చెందినది అని. ఆ మాట యూరప్ భాషలన్నీ తిరిగి ఇంగ్లీషులో ‘కోచ్’ అయింది. మన రైలు కోచ్, కోచింగ్ సెంటర్ రెండూ అక్కడివే.

“ఇది పేతెర్‌ది” అనడం రావడం లేదు

దీనికి టెన్షన్ అక్కర్లేదు. మన ‘ది’ ఎక్కడ వస్తుందో అక్కడ ఏ పెట్టండి: రాముడిది, పేతెరే. ఎవరిది? కియే? ‘రాముడివి’ అనాలంటే దానికీ ఇ చేరుతుంది, పేతెరేయి. కానీ అది మీకు అరుదుగా తప్ప వినిపించదు.

మిగిలినవి

హాజమ్‌లో అమ్, తోట అనే కెర్త్‌కు కెర్తెమ్‌లో ఎమ్ ఎందుకొచ్చిందంటే ముందున్న అచ్చును బట్టి. పులికి, చెట్టుకు అని కి, కులను మార్చే నోటికి దీన్ని వేరే నేర్పక్కర్లేదు. హల్లుతో ముగిసే మాటకు ‘అతని’ రూపంలో అ వస్తుందా య వస్తుందా అన్నదానికి పూర్తి సూత్రం లేదు. హాజ్‌కి హాజ, టోపీ అనే కలప్‌కి కలప్య. మాట నేర్చుకునేటప్పుడే ఆ రూపం కూడా నేర్చుకోండి, నిఘంటువులో ఉంటుంది. “అమ్మాయిల గది”కి అ లాన్యొక్ సొబాయ చాలు. యజమానులు పేరుతో ఉన్నప్పుడు సొబాయుక్ అక్కర్లేదు, ‘వాళ్ల గది’ అన్నప్పుడే అది కావాలి. నాన్నకు ‘అతని’ రూపం అప్య, అమ్మకు అన్య్య, ఇవి రెండూ మొండివి, కంఠస్థం పట్టండి. కేజ్ అంటే చెయ్యి, నా చెయ్యి మాత్రం కెజెమ్, దీర్ఘం పోతుంది. చెయ్యి ‘చేతి’ అయినట్టు, ఇల్లు ‘ఇంటి’ అయినట్టు. ఇలాంటివి కొన్నే ఉన్నాయి, ఎదురైనప్పుడు చూసుకోవచ్చు.