లెక్కల్లో ముందుండే ప్రాథమిక తరగతుల పిల్లలకు పాఠ్యప్రణాళిక తయారుచేసే పద్ధతి

మూడో తరగతి పిల్లవాడు గుణకారం అధ్యాయమంతా రెండు పీరియడ్లలో ముగించి కూర్చుంటే మనం సాధారణంగా చేసేవి రెండే: నాలుగో తరగతి పుస్తకం చేతికివ్వడం, లేదా వెనుకబడిన పిల్లలకు నేర్పమని పురమాయించడం. మొదటిది వచ్చే ఏడాది విసుగును ఈ ఏడాదే సిద్ధం చేస్తుంది. రెండోది అప్పుడప్పుడూ మంచిదే కానీ, రోజూ అదే పనైతే ఆ పిల్లవాడు జీతం లేని పంతులవుతాడు తప్ప అతని చదువు ముందుకు సాగదు. పై తరగతికి ఎగబాకించకుండా, చదువుతున్న అధ్యాయాన్నే లోతుగా తవ్వించేలా ప్రణాళిక ఉండాలి.

అది ఎవరికి అవసరమో మొదట తేల్చుకోవాలి. ఎక్కాలు గడగడా అప్పజెప్పడం జ్ఞాపకశక్తికి గుర్తు కావచ్చు కానీ, "ఎప్పుడూ ఇలాగే వస్తుందా?" అని అడిగే పిల్లను, ఒకే లెక్కకు మరో దారి వెతికే పిల్లవాణ్ణి ప్రత్యేకంగా గమనించాలి. శ్రీకాకుళం జిల్లా మందస, మెళియాపుట్టి ప్రాంతాల్లో ఇంట సవర మాట్లాడే పిల్లలకు తెలుగు పదసమస్యలే పరీక్షగా పెడితే, భాష అందకపోవడం కాస్తా లెక్క రాకపోవడంగా నమోదవుతుంది. అందుచేత చింతపిక్కలతో, పుల్లలతో, బొమ్మలతో కూడా ప్రశ్నలు అడగాలి.

ప్రతి అధ్యాయం మొదలుపెట్టే ముందే దాని చివరి అభ్యాసంలోని ఐదారు కఠినమైన లెక్కలు ఇచ్చి చూడాలి. సరిగా చేసి, ఎలా చేశారో చెప్పగలిగిన పిల్లలకు ఆ అభ్యాసాలను మినహాయించి, మిగిలిన సమయాన్ని లోతైన పనికి కేటాయించాలి.

ఆ పనికి సరుకు దూరం నుంచి తేనక్కరలేదు. సంక్రాంతికి వాకిట్లో పెట్టే సందు చుక్కల ముగ్గునే (ఒక వరుస చుక్కల సందుల్లో పక్క వరుస చుక్కలు పెట్టేది) తీసుకోండి. నడిమి వరుసలో మూడు చుక్కలు, పైనా కిందా రెండేసి పెడితే మొత్తం 7. నడుమ ఐదుతో మొదలుపెట్టి మూడు వరకు తగ్గిస్తే 19, ఏడు నుంచి నాలుగు వరకైతే 37. మూడో తరగతిలో ఒంటి చుక్క నుంచి మొదలుపెట్టి వీటిని లెక్కపెట్టించి, పెరుగుదల 6, 12, 18గా ఉందని పిల్లలే పట్టుకునేదాకా ఆగాలి. నాలుగో తరగతిలో ఆ 1, 7, 19, 37లనే వరుసగా కూడించాలి: 1, 8, 27, 64 వస్తాయి. ఐదో తరగతిలో ఇవి ఘనాలు (1×1×1, 2×2×2, 3×3×3, 4×4×4) ఎందుకయ్యాయని అడగాలి. మట్టితో చేసిన చిన్న ఘనాలను 27 పేర్చి, ఒక మూల నుంచి 8 ఘనాల దిమ్మను తీసేస్తే మిగిలేవి 19. ఆ మిగిలిన పెంకును మూల వైపు నుంచి చూస్తే షడ్భుజి ఆకారపు ముగ్గే కనిపిస్తుంది. ఈ సంగతి ఉపాధ్యాయుడు ముందే చెప్పేస్తే పాఠం అక్కడితో చచ్చిపోతుంది. వారం పట్టినా పట్టనివ్వాలి.

స్థానవిలువ అధ్యాయానికి పాత కొలతలు పనికొస్తాయి. నాలుగు గిద్దలు సోల, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం అన్న లెక్కలో 2 కుంచాల 3 మానికల 1 సోల 2 గిద్దలు ఎన్ని గిద్దలో కట్టించాలి, 182 వస్తుంది. గిద్దలు, సోలలు, మానికల స్థానాల్లో 3కు మించిన అంకె ఎందుకు అక్కరలేదో చెప్పగలిగిన పిల్లకు పది ఆధారంగా సాగే మన సంఖ్యామానం కొత్తగా అర్థమవుతుంది.

ఐదో తరగతికి వచ్చేసరికి వెన్నెలవలస, కిల్తంపాలెం నవోదయల ప్రవేశపరీక్ష మీదికి తల్లిదండ్రుల దృష్టి మళ్లడం సహజం. రెండు గంటల్లో 80 ప్రశ్నలుండే ఆ పరీక్షకు సాధన అవసరమే, కానీ దాన్ని ఈ ప్రణాళికలో కలపకుండా వేరే సమయంలో చేయించాలి. వేగాన్ని కోరే సాధన, నిదానాన్ని కోరే ఆలోచన ఒకే పీరియడ్‌లో ఇమడవు.

మూల్యాంకనంలో మార్కుల కన్నా పిల్లల సొంత నోటుపుస్తకానికే విలువ ఇవ్వాలి: ఊహ, ప్రయత్నం, విఫలమైన దారి, కారణం అన్నీ అందులో తేదీలతో ఉండాలి, కొట్టివేతలను చెరపనివ్వకూడదు. ఏకోపాధ్యాయ పాఠశాలలో రోజూ సమయం దొరకదు గనుక, వారానికి రెండు పీరియడ్లు మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలను కలిపి ఒకే ప్రశ్న చుట్టూ కూర్చోబెడితే చాలు. ఐదో తరగతి పూర్తయ్యాక ఆ నోటుపుస్తకాన్ని ఉన్నత పాఠశాల గణితోపాధ్యాయుడికి అప్పగిస్తే, ఆయన ఎక్కడి నుంచి అందుకోవాలో అందులోనే తెలుస్తుంది.